సత్యనారాయణపురం వంటింటికి ఆరు సర్క్యూట్లు: ఒక పాత ఫ్లాటు రీవైరింగ్ కేసు

విజయవాడ సత్యనారాయణపురంలో 1998లో కట్టిన అపార్ట్‌మెంటు, రెండో అంతస్తు, రెండు బెడ్‌రూముల ఫ్లాటు. ఇంట్లో రిటైరైన టీచరమ్మ, ఆవిడ భర్త, కొడుకు, కోడలు, స్కూలుకెళ్లే మనవరాలు. వంటిల్లు ఎనిమిదడుగులు బై పదడుగులు, పక్కనే చిన్న యుటిలిటీ బాల్కనీ. మాడ్యులర్ కిచెన్ చేయిస్తున్నారు, కార్పెంటర్ డ్రాయింగ్ ఇచ్చేశాడు, "దాని ప్రకారం పాయింట్లు పెట్టేయండి, వారంలో గ్రానైట్ వస్తుంది" అని కొడుకు ఎలక్ట్రీషియన్నైన నాకు ఫోన్ చేశాడు. వంటింటి వైరింగ్ అంటే అందరికీ పాయింట్లే గుర్తొస్తాయి. ఎక్కడ ప్లగ్గు, ఎన్ని ప్లగ్గులు, ఏ రంగు ప్లేట్లు. ఆ పాయింట్లన్నీ వెనకాల ఏ వైరుకి వేలాడుతున్నాయో ఎవరూ అడగరు.

నేను వెళ్లేసరికి అసలు సమస్య గోడ మీదే కనిపించింది. గట్టు మీద ఒకే ఒక పవర్ ప్లగ్గు, దానికి ఒక మల్టీప్లగ్గు, దానికి ఇండక్షన్ స్టవ్, ఎలక్ట్రిక్ కెటిల్, రైస్ కుక్కర్. మల్టీప్లగ్గు ఒక పక్క గోధుమరంగులోకి తిరిగి కాస్త వంకరపోయింది. మెయిన్ ఆపి బోర్డు విప్పాను. లోపల 3/20 రాగి వైరు, అంటే ఇప్పటి లెక్కలో రెండు స్క్వేర్, అదే రెండు చదరపు మిల్లీమీటర్ల దగ్గర. కరెంటు తెచ్చే ఫేస్ వైరు మీద ఎర్ర పీవీసీ తొడుగు రెండంగుళాల మేర నల్లబడి, గోరుతో గీకితే పెంకులా రాలిపోయింది. కరెంటు తిరిగెళ్లే న్యూట్రల్ వైరు జాయింటు ఇంకా ఘోరం, రెండు వైర్లు చేత్తో మెలేసి టేపు చుట్టారు, ఆ టేపు జిగురు కరిగి కారి గట్టిపడింది. ఇది ఓవర్‌లోడ్ కంటే లూజు జాయింటు చేసిన పని. లూజు జాయింటు వేడెక్కితే, కరెంటు హద్దు మీరినప్పుడు తనంతట దిగి సప్లై ఆపే ఎమ్‌సీబీకి తెలీదు, ఎందుకంటే కరెంటు మామూలుగానే పోతోంది కదా. ఇల్లు తగలబడే కేసుల్లో నాకు భయం వేసేది ఇలాంటివాటికే.

"ఎమ్‌సీబీ ఎప్పుడూ దిగలేదండీ, అంతా బానే ఉంది" అన్నాడు కొడుకు. దిగలేదు నిజమే. హాల్లో ఉన్న పాత డీబీలో, అంటే ఎమ్‌సీబీలుండే డబ్బాలో, వంటింటికి, హాలుకి, యుటిలిటీకి కలిపి ఒకే 25 ఆంప్స్ ఎమ్‌సీబీ పెట్టి ఉంది. మోసే వైరు రెండు స్క్వేరు. మామూలుగా మేం రెండున్నర స్క్వేరుకి 16, మహా అయితే 20 పెడతాం. ఎవరో ఎప్పుడో, మాటిమాటికీ దిగుతోందని 16 తీసేసి 25 పెట్టి వెళ్లిపోయారు. ఎమ్‌సీబీ కాపాడాల్సింది వైరుని. వైరు కంటే పెద్ద ఎమ్‌సీబీ పెడితే ముందు వైరు కాలుతుంది, తర్వాత ఎమ్‌సీబీ దిగుతుంది.

డ్రాయింగ్ చేతికిచ్చారు. చక్కగా రంగుల్లో ఉంది, ప్లగ్గులన్నీ అందంగా వరసలో పెట్టాడు కార్పెంటర్. నేనొకటే అడిగాను, "అమ్మా, రేప్పొద్దున మీరు మామూలుగా వంట చేసేటప్పుడు వచ్చి కూర్చుంటాను, ఏమీ మార్చకుండా రోజూ చేసినట్టే చేయండి" అని. టీచరమ్మ నవ్వింది, "ఏం బాబూ, వంట నేర్చుకుంటావా?" అని. ఇది నేను పదేళ్లుగా చేస్తున్న పని. కాగితం మీద అడిగితే ఎవరూ నిజం చెప్పరు, అబద్ధమాడాలని కాదు, వాళ్లు చేసేది వాళ్లకే గుర్తుండదు.

పొద్దున ఆరున్నరకి వెళ్లాను, వైరులో ఎంత కరెంటు పోతోందో చూపే క్లాంప్ మీటరు డీబీ మెయిన్‌కి తగిలించి వంటింటి గుమ్మం దగ్గర స్టూలేసుకుని కూర్చున్నాను. కోడలు ఇండక్షన్ మీద పాలు, తర్వాత పప్పు కుక్కరు. అత్తగారు గ్యాస్ మీద పెసరట్లు. కెటిల్‌లో మావగారికి వేణ్నీళ్లు. రైస్ కుక్కర్లో బాక్సులకి అన్నం. ఏడుంపావుకి అల్లం చట్నీకి మిక్సీ, ప్లగ్గు ఖాళీ లేక కెటిల్ తీసి మిక్సీ పెట్టారు. అదే టైములో లోపల బాత్‌రూములో గీజరు, బెడ్‌రూములో ఇస్త్రీ పెట్టె. మీటరు 27 ఆంప్స్ దగ్గర మొదలై ఒక పది నిమిషాలు 31, 32 మధ్య ఆడింది.

ఇందులో లెక్క పెద్ద బ్రహ్మవిద్యేమీ కాదు. వాట్లని 230తో భాగిస్తే ఆంప్స్. ఇండక్షన్ 2000 వాట్లు, అంటే 8.7. కెటిల్ 1500, రైస్ కుక్కర్ 700, మిక్సీ 750, గీజరు 2000, ఇస్త్రీ పెట్టె 1000, ఫ్రిజ్ నడిచేటప్పుడు ఓ 200. మొత్తం 8150 వాట్లు, 35 ఆంప్స్ పైన. అన్నీ సరిగ్గా ఒకే నిమిషంలో ఆన్‌లో ఉండవు కాబట్టి మీటరు 32 చూపించింది. మెయిన్ ఎమ్‌సీబీ 32ది. అది 36 ఆంప్స్ దాకా గంటసేపు దిగకుండా మోస్తుంది, అది దాని లోపం కాదు, ప్రమాణమే అలా ఉంది: రాసి ఉన్న రేటింగుకి 1.13 రెట్ల దగ్గర గంటదాకా దిగకూడదు, 1.45 రెట్ల దగ్గర గంటలోపు దిగాలి. అందుకే ఈ ఇంట్లో ఏళ్లతరబడి ఏమీ దిగలేదు, వైర్లు మాత్రం రోజూ పొద్దున కాగుతూ వచ్చాయి. దిగేది ఎప్పుడంటే రోహిణీ కార్తెలో. ఎమ్‌సీబీని 30 డిగ్రీల దగ్గర కాలిబ్రేట్ చేస్తారు, మన మే నెలలో డీబీ డబ్బా లోపల 45 ఉంటుంది, అప్పుడది కాస్త ముందే దిగుతుంది. "ఎండాకాలంలో ఒకటి రెండుసార్లు పోయిందండీ, అది వీధి కరెంటేమో అనుకున్నాం" అన్నారు. అదీ సంగతి.

ఇంకొకటి కనిపించింది, ఇది డ్రాయింగులో ఎక్కడా లేదు. ఎనిమిదింటికి వంట అయ్యాక టీచరమ్మ టేబుల్ టాప్ గ్రైండరు తెచ్చి నేల మీద మూలన పెట్టుకుని, పీట వేసుకుని కూర్చుని ఇడ్లీ పిండి రుబ్బడం మొదలెట్టింది. గట్టు మీద రుబ్బితే చెయ్యి నొప్పంట, పిండి తోయడానికి కిందైతేనే వీలంట. కార్పెంటర్ గ్రైండర్‌కి గట్టు మీద కిటికీ పక్కన స్థలం గీశాడు. అక్కడ పెడితే ఆవిడ నేల మీద కూర్చుని ఎక్స్‌టెన్షన్ బోర్డు లాక్కుంటుంది, తడి నేల మీద. కాబట్టి ఆ మూలన నేలకి అడుగున్నర ఎత్తులో ఒక పాయింటు, ఇది నా ప్లాన్‌లో మొదటి పాయింటు.

లోడు సంగతి ముందు తేల్చాలి. బిల్లులో కాంట్రాక్టెడ్ లోడు, అంటే ఇంటికి మంజూరైన లోడు, 3 కిలోవాట్లు, వాడేది 7 పైన, పైగా డిష్‌వాషర్, కన్వెక్షన్ మైక్రోవేవ్ కొంటామంటున్నారు. లోడు పెంచమని, ఒక లైనుకి బదులు మూడు లైన్లుండే త్రీ ఫేజ్ ఇవ్వమని దరఖాస్తు పెట్టించాను. అది రావడానికి పట్టిన టైములో మేం గోడల పని చేసుకున్నాం. మీటరు నుంచి పైకి నాలుగు కోర్లు ఆరు స్క్వేర్ రాగి, న్యూట్రల్ కూడా ఆరే. త్రీ ఫేజ్‌లో న్యూట్రల్ సన్నగా వేసి డబ్బులు మిగిల్చేవాళ్లున్నారు, వాళ్లకి దండం. న్యూట్రల్ ఊడితే లోడు తక్కువున్న ఫేజు మీద 230 కాస్తా 300, 350 దాటి పోతుంది, ఆ రోజు ఫ్రిజ్, టీవీ రెండూ అవుట్.

త్రీ ఫేజ్ వచ్చాక చాలామంది చేసే తప్పు, గట్టు మీద ఒక ప్లగ్గు ఎర్ర ఫేజు మీద, పక్క ప్లగ్గు పసుపు ఫేజు మీద పెట్టడం. లోడు సమానంగా పంచామని గొప్పగా చెబుతారు. రెండు ఫేజుల మధ్య 400 పైన వోల్టేజీ ఉంటుంది, అడుగు దూరంలో, అదీ తడి చేతులు తిరిగే చోట. నేను వంటిల్లు మొత్తం పసుపు ఫేజు మీదే పెట్టాను. గీజరు, ఒక ఏసీ ఎరుపు మీద, రెండో ఏసీ, మిగతా ఇల్లు నీలం మీద. మనవైపు అందరూ అడిగే ఫేజు సెలెక్టర్ స్విచ్ వీళ్లూ అడిగారు, ఒక ఫేజు పోతే వేరే ఫేజు మీదకి తిప్పుకోడానికి. వంటింటి ఫేజుకి వద్దన్నాను. తిప్పేసి, గీజరూ ఇండక్షనూ రెండూ ఒకే ఫేజు మీద వేసి మర్చిపోతారు.

ఇక వంటింటి సర్క్యూట్లు. డీబీ హాల్లో ఉంది, వంటింటికి పైపు దారి తొమ్మిది మీటర్లు. ఆరు సర్క్యూట్లు లాగాను. ఇండక్షన్‌కి ఒకటి, నాలుగు స్క్వేర్ వైరు, 16 ఎమ్‌సీబీ. ఇప్పుడున్న 2000 వాట్లకి రెండున్నర చాలు కదా అని కొడుకు అడిగాడు, చాలు. కానీ రేపు గట్టులో బిగించే రెండు బర్నర్ల ఇండక్షన్ హాబ్ కొంటే అది 3500 వాట్లు, 15 ఆంప్స్ పైన, అప్పుడు 20 కావాలి. ఎమ్‌సీబీ మార్చడం ఐదు నిమిషాలు, గోడలో వైరు మార్చడం అంటే టైల్స్ మీద సుత్తి. కిటికీ వైపు గట్టుకి రెండోది, మిక్సీ, కెటిల్, కుక్కరు, ఆ మూల గ్రైండరు: కలిపితే 3100 వాట్లు, 13 ఆంప్స్ పైన, నాలుగు స్క్వేరు మీద 20 ఎమ్‌సీబీ. మైక్రోవేవ్‌కి, డిష్‌వాషర్‌కి విడివిడిగా రెండున్నర స్క్వేరు, 16 చొప్పున. ఫ్రిజ్‌కి విడిగా ఒకటి. లైట్లు, చిమ్నీ, ఆర్వో, ఎగ్జాస్ట్ ఫ్యాన్ కలిపి ఒకటిన్నర స్క్వేరు మీద 6 ఎమ్‌సీబీ. పైపులు మూడు, 25 ఎమ్‌ఎమ్‌వి, ఒక్కోదాంట్లో రెండేసి సర్క్యూట్లు. ఒకే పైపులో అన్నీ కుక్కితే వైరు వేడి వైరుకి తగిలి మోసే సత్తా తగ్గుతుంది, పైగా ఎప్పుడైనా ఒకటి లాగాల్సి వస్తే అన్నీ పట్టేస్తాయి. గట్టు మీద అన్నీ 16 ఆంప్స్ సాకెట్లే వేశాను, 6 ఆంప్స్ పిన్ను కూడా దిగే రకం. చిన్న ప్లగ్గులో పెద్ద పిన్ను దిగకపోతే జనం అడాప్టరు కొంటారు, ఈ కథ మొదలైందే అడాప్టరుతో.

కరెంటు భూమిలోకో మనిషిలోకో లీకైతే దిగే ఆర్‌సీసీబీ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే దీని దగ్గరే ఈ ఇంట్లో నాకు దెబ్బ తగిలింది. ముందు ఎర్తింగ్ చూశాను. ఎర్త్ టెస్టరు పెడితే సెల్లార్‌లోని పాత ఎర్త్ పిట్టు, అంటే ఎర్త్ గొయ్యి, 18 ఓమ్స్ చూపించింది, అందులో వేసిన ఉప్పు ఎప్పుడో కరిగిపోయింది, నీళ్లు పోసిన నాథుడు లేడు. 18 ఓమ్స్ అంటే ఏమిటో లెక్కేసి చూపించాను: డిష్‌వాషర్ బాడీకి ఫేస్ తగిలితే 230 బై 18, సుమారు 12.8 ఆంప్స్ భూమిలోకి పోతుంది. దాని ఎమ్‌సీబీ 16. దిగదు! బాడీ మీద కరెంటు అలాగే ఉంటుంది, గిన్నెలు పెట్టడానికి చెయ్యి వేసేదాకా. అసోసియేషన్ వాళ్లతో మాట్లాడి కొత్త పిట్టు తీయించాం, రెండున్నర మీటర్ల జీఐ పైపు, అది 2 ఓమ్స్ దగ్గరికొచ్చింది. అయినా ఎర్త్ ఒక్కదాన్నే నమ్ముకుంటే వేసవిలో మళ్లీ ఎండుతుంది కాబట్టి 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ తప్పదు. ఐదు సర్క్యూట్లకి కలిపి ఒకటి, 40 ఆంప్స్‌ది, దాని పైన 32 ఎమ్‌సీబీ. ఆర్‌సీసీబీ ఓవర్‌లోడ్‌కి దిగదు, దాన్ని కూడా ఎవరో ఒకరు కాపాడాలి, అందుకే ఆ 32. ఫ్రిజ్‌కి మాత్రం విడిగా ఆర్‌సీబీఓ, ఆర్‌సీసీబీ పనీ ఎమ్‌సీబీ పనీ రెండూ ఒక్కటే చేసేది. ఇల్లు తాళమేసి తిరుపతి వెళ్లినప్పుడు ఆర్వోలో నీళ్లు కారి ఆర్‌సీసీబీ దిగితే, ఫ్రిజ్ దాని వెంట పోకూడదు.

పని మధ్యలో నా తప్పు ఒకటి. గోడలు గాడి కొట్టి, బాక్సులు పెట్టి, సిమెంటు పూశాక కార్పెంటర్ టాల్ యూనిట్‌ని, అంటే నిలువెత్తు అల్మారాని, ఆ గోడ నుంచి ఈ గోడకి మార్చాడు. మార్చినట్టు నాకు చెప్పలేదు, నేనూ మళ్లీ అడగలేదు. మైక్రోవేవ్ పాయింటు సరిగ్గా యూనిట్ వెనక్కొచ్చింది. వెనకాల ఖాళీ అంగుళంన్నర, 16 ఆంప్స్ ప్లగ్ టాప్ వైరుతో కలిపి రెండున్నర అంగుళాలు. ప్లగ్గు పెడితే మైక్రోవేవ్ బయటికి తన్నుకొస్తోంది. ఒక రోజు కూలీ, నాలుగు టైల్స్ నా ఖాతా. అప్పట్నించీ నా రూలు: గాడి కొట్టే రోజు పొద్దున కార్పెంటర్‌తో గోడ మీద సుద్దముక్కతో యూనిట్లు గీయిస్తాను, ఫొటో తీసుకుంటాను. సాకెట్ ఎప్పుడూ పక్క కప్‌బోర్డులో, దాని స్విచ్ గట్టు పైన చేతికందే చోట. డిష్‌వాషర్‌కీ అంతే, సింకు కింద సాకెట్ పెట్టలేదు, పక్క అరలో రెండడుగుల ఎత్తులో పెట్టి, పైన ఫేస్, న్యూట్రల్ రెండూ ఆపే 20 ఆంప్స్ డీపీ స్విచ్ ఇచ్చాను. సింకు కింద పైపు కారని ఇల్లు నేనింతవరకు చూడలేదు.

ఎత్తుల గురించి ఒక్క మాట. గ్రానైట్ రాకముందు నేల నుంచి కొలిచి బాక్సులు పెడితే, తర్వాత టైల్స్ మందం, గ్రానైట్ మందం, బ్యాక్ పట్టీ అన్నీ కలిసి సాకెట్ సగం మునుగుతుంది. ట్యూబ్ లెవెల్‌తో ఇల్లంతా ఒకే మట్టంలో మీటరు ఎత్తు గీత కొట్టుకుని, దాన్నుంచే లెక్కపెట్టాలి. గట్టు పైన తొమ్మిదంగుళాలకి బాక్సు, స్టవ్‌కీ సింకుకీ రెండడుగులు ఎడంగా. చిమ్నీ పాయింటు డక్ట్ వెనక కాదు, పక్కకి.

ఇప్పుడు ఆ ఆర్‌సీసీబీ దెబ్బ. అప్పగించే ముందు వైర్ల ఇన్సులేషన్ ఎంత గట్టిగా ఉందో చూసే మెగ్గర్ పెట్టాను, 500 వోల్టులు, అన్ని సర్క్యూట్లూ ఎర్త్‌కి వంద మెగా ఓమ్స్ పైనే. ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కితే టక్కున దిగింది. డబ్బులు తీసుకుని ఇంటికెళ్లాను. మూడో రోజు రాత్రి ఫోను. "బాబూ, వంటింట్లో కరెంటు పోతోంది, ఎక్కిస్తే ఉంటోంది, మళ్లీ కాసేపటికి పోతోంది" అని టీచరమ్మ. మర్నాడు వెళ్లాను, గంట కూర్చున్నా దిగదు. ఇండక్షన్ వేశాం, మిక్సీ తిప్పాం, గ్రైండరు, కెటిల్, అన్నీ ఒకేసారి. దిగదు. ఇలాంటప్పుడు మనిషికి మతిపోతుంది. ఆర్‌సీసీబీ చెడిందని మార్చేద్దామా అని కూడా అనిపించింది. వెళ్లబోతుంటే మనవరాలు యుటిలిటీలోకి వెళ్లి లైటు వేసింది. టక్!

9 వాట్ల ఎల్‌ఈడీ బల్బు. దాన్ని వేస్తే వంటిల్లు మొత్తం పోతోంది.

ఆర్‌సీసీబీ చేసేది ఒకటే పని, ఫేస్ మీద బయటికెళ్లిన కరెంటూ న్యూట్రల్ మీద తిరిగొచ్చిన కరెంటూ సమానమా కాదా అని చూస్తుంది. యుటిలిటీ లైటుకి ఫేస్ హాలు సర్క్యూట్ నుంచి పాత వైరు మీద వస్తోంది. న్యూట్రల్ మాత్రం పాత రోజుల్లో దగ్గరున్న వంటింటి బోర్డు నుంచి తీసుకున్నారు. మేం వంటిల్లు కొత్తగా లాగినప్పుడు మా తమ్ముడు ఆ పాత న్యూట్రల్ ముక్కని చూసి, ఇదీ ఇక్కడిదే అనుకుని కొత్త లైట్ల న్యూట్రల్‌కి కలిపేశాడు. అంటే హాలు నుంచి వచ్చిన కరెంటు వంటింటి ఆర్‌సీసీబీ గుండా తిరిగెళ్తోంది. 9 వాట్ల బల్బంటే 40 మిల్లీ ఆంప్స్, ఇది 30కే దిగేది. మరి అప్పగించిన రోజు ఎందుకు దొరకలేదంటే, ఆ హోల్డర్లో బల్బు మాడిపోయి ఉంది. మూడో రోజున కొత్తది కొని పెట్టారు.

తమ్ముణ్ని తిట్టలేదు, ఎందుకంటే తప్పు నా టెస్టింగ్‌లో ఉంది. నేను మెగ్గర్ పెట్టింది ఫేస్‌కీ ఎర్త్‌కీ, న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య మాత్రమే. న్యూట్రల్ బార్ నుంచి ప్రతి సర్క్యూట్ న్యూట్రల్‌నీ విప్పి, అది ఏ ఫేస్ తాలూకుదో జంటగా చూసుకుని, బల్బులన్నీ పెట్టి ఒక్కొక్క స్విచ్ వేసి చూసి ఉంటే అప్పుడే దొరికేది. పాత ఇంట్లో సగం మాత్రమే కొత్త వైరింగ్ చేసినప్పుడు ఇది మరీ ముఖ్యం, పాతదీ కొత్తదీ కలిసే చోట న్యూట్రల్ ఎవరిదో ఎవరికీ తెలీదు.  యుటిలిటీ లైటుకి హాలు నుంచి కొత్త న్యూట్రల్ లాగడానికి రెండు గంటలు పట్టింది, ఆ రెండు గంటలకీ డబ్బులు అడగలేదు. టీచరమ్మ మాత్రం అట్టు పెట్టింది.

వేసవిలో, మే మూడో వారం, మళ్లీ వెళ్లాను. కొత్త రాగి వైరు స్క్రూల కింద కొన్నాళ్లకి సర్దుకుంటుంది, అందుకని పెద్ద లోడు సర్క్యూట్ల టెర్మినళ్లు ఒకసారి బిగించాలి. రెండు స్క్రూలు పావు తిప్పు తిరిగాయి. పొద్దున ఏడుంపావుకి క్లాంప్ మీటరు పెట్టి చూస్తే వంటింటి ఫేజు మీద 19, ఎరుపు మీద 9, నీలం మీద 5. డీబీ మీద చెయ్యి పెడితే గోరువెచ్చగా కూడా లేదు. గ్రైండరు మూలన పీట అలాగే ఉంది. మైక్రోవేవ్ మీద ఊరగాయ జాడీ పెట్టారు, అది తీయమని చెప్పాను, గాలి ఆడే సందులు మూసుకుపోతాయి కదా. డిష్‌వాషర్ ఇంకా కొనలేదు. దాని డీపీ స్విచ్ మీద మనవరాలు స్టిక్కర్ అంటించింది, టీచరమ్మ మాత్రం "అది వచ్చినా గిన్నెలు నేనే తోముతా" అంటోంది.